భట్టిప్రోలు నుంచి వేమూరు దాకా

1979లో రత్తాల్ని పెళ్ళి చేసుకుని రేపల్లెలో కాపురం పెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి రెండు తాటాకు బుట్టలు, ఒక తక్కెడ, వాసన చూసి నెత్తళ్ళ చేపలు ఎన్నాళ్ళ కిందట ఎండినవో చెప్పగల ముక్కు. వీటికి తోడు పెద్దల్లుడి హోదా. మా అత్త అంకాలమ్మకి మగపిల్లలు లేరు, ఇద్దరూ ఆడపిల్లలే. తెనాలి మార్కెట్లో ఎండుచేపల వరసకి మొదట్లో, గేటు దాటగానే కుడిచేతి పక్క ఆమెకో సిమెంటు అరుగు ఉంది. లోపలికి వచ్చే ప్రతి మనిషీ దాని ముందునుంచే నడవాలి. ముప్పై ఏళ్ళు ఆమె దాని మీద కూర్చుని ఎండుచేపలు అమ్మింది. ఆమె తర్వాత అది పెద్దల్లుడిదేనని నేను అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

ఏడాదికి రెండో అమ్మాయి కనకదుర్గకి బాపట్ల సంబంధం కుదిరింది. ముత్యాలరావు నాకు తోడల్లుడయ్యాడు, వరసకి తమ్ముడు. వాడి చేతిలో ఉన్నవి సూర్యలంక ఒడ్డున పది పడవలవాళ్ళ స్నేహం, కొత్త సైకిలు, ఎదటి మనిషి కనపడగానే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే నోరు. నేను గంటసేపు బేరమాడి అమ్మే సరుకు వాడు ఆ నవ్వుతో పావుగంటలో వదిలించుకునేవాడు. అత్త నన్ను ‘ఏమయ్యా పోలయ్యా’ అనేది. వాణ్ణి ‘ముత్యం’ అనేది. మా ఇంటికి పొద్దున వస్తే సాయంత్రానికి వెళ్ళిపోయేది. వాళ్ళింటికి వెళితే వారం ఉండేది. ఇవన్నీ నేను మరిచిపోయే మనిషిని కాను.

పిల్లల లెక్కలోనూ వాడే ముందు. 1981లో మాకు మగపిల్లాడు పుట్టాడు. ఇంట్లోనే పురుడు. మంత్రసాని బొడ్డు కోసి దాని మీద పిడక బూడిద అద్దింది. అయిదు రోజులు పిల్లాడు బాగానే పాలు తాగాడు. ఆరో రోజు నోరు బిగుసుకుపోయి, పెదాలు రెండు పక్కలకీ లాక్కుపోయి, నవ్వుతున్నట్టు కనిపించాడు. “పసిగుడ్డుని దేవుళ్ళు నవ్విస్తున్నారు” అన్నారు ఆడాళ్ళు. నేనూ చూసి మురిసిపోయాను. ఏడో రోజు పొద్దుటికి విల్లులా వంగిపోయాడు. మధ్యాహ్నానికి లేడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. కనకదుర్గకి వరసగా ముగ్గురు పుట్టారు. ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. ఆమె కడుపుతో ఉన్న ప్రతిసారీ ముత్యాలరావు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి ధనుర్వాతం రాకుండా సూదులు వేయించేవాడట. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కడుపు ఇంకా మండింది.

1986 కార్తీకంలో అత్త మోకాళ్ళు మొరాయించాయి. కార్తీకంలో ఊళ్ళు నీచు ముట్టవు కాబట్టి మా వ్యాపారం పడుకుంటుంది. “ఈ నెల పోయి మార్కెట్టు కళకళలాడిన రోజున, వరసలో అందరి ముందూ, అరుగు ఎవరిదో చెబుతాను” అంది. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు.

కార్తీకం ఇంకో పది రోజుల్లో ముగుస్తుందనగా సరుకు నిలవ చేసుకోవాలని నేను సూర్యలంక వెళ్ళాను. ఒడ్డున మాకో పద్ధతి ఉంది. ఇసకలో ఎండిన రాశి మీద మొదట ఎవడి తువ్వాలు పడితే వాడిదే మొదటి బేరం. వాడు తువ్వాలు తీసుకునేదాకా ఇంకొకడు నోరెత్తకూడదు. ఆ రోజు నెత్తళ్ళు వెండి ముక్కల్లా ఉన్నాయి. నేను తువ్వాలు చేత్తో పట్టుకుని నడుస్తుంటే పక్కనుంచి ముత్యాలరావు వస్తూ కనిపించాడు. వాడూ నన్ను చూశాడు. ఇద్దరం పరిగెత్తాం, ముప్పై దాటిన మగాళ్ళం, చెప్పుల్లేకుండా.

రాశికి ఇవతల పశువుల్ని కట్టేసే చోట పాత పడవ చెక్కలు పేడలో సగం కూరుకుపోయి ఉన్నాయి. ఒకే చెక్క మీద రెండు మేకులు. ఒకటి నా ఎడమకాల్లో దిగింది, ఒకటి వాడి కుడికాల్లో దిగింది. నేను కూలబడ్డాను. వాడు కాలు లాక్కుని, కుంటుతూ నాలుగడుగులు వేసి తువ్వాలు విసిరాడు. రాశి వాడిదైంది.

తర్వాత గుప్పెడు కల్లుప్పు తీసుకుని అరికాలికి రుద్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“ఏంటన్నయ్యా, కూలబడ్డావు? ఇంద, ఉప్పు రుద్దు. ఉప్పులో ఉన్న చేప ఏడాదైనా చెడదు, మన కాలు చెడుతుందా?”

చుట్టూ ఉన్న ముసలాళ్ళు తలలూపారు. మావాళ్ళందరి నమ్మకం అదే. పుట్టిందగ్గర్నుంచీ ఉప్పులో నానే కాళ్ళకి పుండు ముదరదంటారు. నేనూ ఉప్పు రుద్దేవాణ్ణే. కానీ కాలికంటిన పేడ వాసనకి పిడక బూడిద గుర్తొచ్చింది.

సాయంత్రానికి రేపల్లె చేరి మిషన్ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి నర్సు సుగుణమ్మగారు పిల్లాడు పోయినప్పుడు మా ఇంటికి వచ్చి రత్తాలుతో రెండు గంటలు కూర్చున్న మనిషి. గాయం సబ్బునీళ్ళతో కడిగి, లోపలి మురికి తీసి, మూసుకుపోకుండా గుడ్డ పెట్టి, ఒక్కో చేతికి ఒక్కో సూది వేసింది.

“రెండెందుకండి?” అన్నాను.

“ఇదివరకు ఎప్పుడూ వేయించుకోలేదన్నావు కదా. ఒకటి ఇప్పటి గండానికి, ఒకటి ముందుముందుకి. నెల పోయాక మళ్ళీ రా, ఆర్నెల్లకి ఇంకోసారి రా. పోలయ్యా, చాలామంది ఇది తుప్పు వల్ల వస్తుందనుకుంటారు. పేడలో, మట్టిలో ఉంటుందయ్యా ఆ విషం పుట్టించే క్రిమి. గాలి తగలని లోతు గాయం దానికి ఇల్లు. పైన మానినా లోపల పని చేసుకుపోతుంది.”

“వస్తే ఎలా తెలుస్తుందండి?”

“ముందు దవడ బిగుసుకుంటుంది, మెడ పట్టేస్తుంది. మింగలేరు. ఆ తర్వాత చిన్న చప్పుడైనా, వెలుతురు పడినా, ముట్టుకున్నా ఒళ్ళంతా కొయ్యబారుతుంది. నోట్లో నీళ్ళు పోయకూడదు. చీకట్లో, నిశ్శబ్దంగా ఉంచి ఆసుపత్రికి తేవాలి. నీతోపాటు ఇంకెవరైనా తొక్కారా?”

“మా తోడల్లుడండి.”

“రేపే పంపించు.”

చెప్పాను. ఎలా చెప్పానన్నదే లెక్క. రెండు రోజుల తర్వాత అత్త ఇంట్లో పదిమంది మధ్య, గోడకి ఆనుకుని, “సిస్టరుగారు చెప్పమన్నారు, చెబుతున్నా. సూది వేయించుకోవాలంట. నీకు ధైర్యం ఎక్కువ కదా, నీ ఇష్టం” అన్నాను. అలా చెబితే ఏ మగాడూ వెళ్ళడని నాకు తెలుసు.

వాడు పళ్ళన్నీ బయటపెట్టాడు. “ఆ సూదా? అది మీ మరదలు కడుపుతో ఉన్నప్పుడు వేయించా. నీకిప్పుడు ఎన్నో నెల అన్నయ్యా?”

ఇల్లంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు అత్త నవ్వింది. “చింతకాయ పచ్చడి పెట్టవే రత్తాలూ మీ ఆయనకి” అని కళ్ళు తుడుచుకుంది. నేను రెండోసారి చెప్పలేదు.

నా గాయం వారం దాటినా మానలేదు, సుగుణమ్మగారు మూసుకోనిస్తేగా. వాడిది నాలుగో రోజుకే మూసుకుపోయింది. మేకు దిగిన చోటు చిన్న చుక్కలా ఉండేది. వచ్చినవాళ్ళందరికీ కాలెత్తి చూపించేవాడు. పుండు మానడంలో కూడా వాడే ముందు.

పోలిపాడ్యమితో కార్తీకం వెళ్ళింది. తెనాలి మార్కెట్టుకి మొదటి సరుకు తీసుకెళ్ళేరోజు వచ్చింది. అరుగు ఎవరిదో తేలేది ఆ రోజే. రేపల్లెలోనే ఉండే అత్తకి తోడుగా వెళ్ళాలని ముత్యాలరావు ముందురోజు సాయంత్రమే బాపట్ల నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. రత్తాలు రొయ్యలు వండింది. వాడు రెండు మెతుకులు కెలికి కంచం జరిపేశాడు.

“మెడ పట్టేసింది వదినా” అన్నాడు, పళ్ళ సందులోంచి.

“మా ఇంటి కూడు దిగట్లేదేమో దొరగారికి” అన్నాను నేను. వాడు మెడ పట్టుకుని వెళ్ళి పడుకున్నాడు.

పొద్దున్నే రేపల్లెలో రైలెక్కాం. అత్త బుట్టలతో ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుంది. మేమిద్దరం ఇంకో పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నాం. వాడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నావైపు చూసి నవ్వుతూ కూర్చున్నాడు. పల్లికోన దాటింది. నవ్వు అలాగే ఉంది. కిటికీవైపు తిరిగి మళ్ళీ చూస్తే ఇంకా అలాగే ఉంది. అరుగు తనకేనని అత్త చెప్పేసిందని, అందుకే ఈ నవ్వని అనుకున్నాను.

“ఎందుకురా ఆ నవ్వు? ఆ ముక్కేదో నోటితో చెప్పు” అన్నాను.

వాడి పెదాలు ఇంకా లాక్కున్నాయి.

భట్టిప్రోలులో రైలు కూత వేసింది. ఆ కూతకి వాడు ఎగిరిపడ్డాడు. తల వెనక్కి పోయింది, వీపు బల్లకి అందకుండా లేచింది, పళ్ళు మొత్తం బయటపడ్డాయి. అప్పుడు తెలిసింది. ఆ నవ్వు నేను ఇదివరకు చూశాను. 1981లో, మా ఇంట్లో, ఆరో రోజున చూశాను.

పక్కనున్న తమలపాకుల వ్యాపారి, పేరు కొండయ్యని తర్వాత తెలిసింది, ముందు లేచాడు. “మూర్ఛ! మూర్ఛ! ఇనుము పెట్టండి చేతిలో!” అని అరిచాడు. ఎవడో తాళాలగుత్తి తీసి వాడి గుప్పెట్లోకి దూర్చాడు. ఇంకొకడు భుజాలు కుదిపాడు. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది. వాళ్ళు ముట్టుకున్న ప్రతిసారీ, అరిచిన ప్రతిసారీ వాడు కొయ్యలా బిగుసుకుంటున్నాడు. ఏం చెయ్యకూడదని సుగుణమ్మగారు చెప్పిందో అదంతా చేస్తున్నారు. ఆ పెట్టెలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

పెనుమర్రు వచ్చింది, పోయింది. నా లెక్క నడుస్తూనే ఉంది. నేను చంపట్లేదు. సూది సంగతి చెప్పాను, పదిమంది విన్నారు. వాడే నవ్వాడు. ఇవాళ అత్త పక్కన తెనాలి మార్కెట్లో నిలబడేది నేనొక్కణ్ణే అవుతాను. ఉయ్యాల విషయంలో వాడు గెలిచాడు, రాశి విషయంలో గెలిచాడు, పుండు విషయంలో గెలిచాడు. ఇదొక్కటీ నాకు రాకూడదా? ఇంత స్పష్టంగా నేను ఏ సరుకునీ తూచలేదు. వాడు కదలలేకపోయినా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

“వేమూరులో దించేద్దాం” అన్నాడు కొండయ్య. “అక్కడికి కోసెడు దూరంలో గాలికి మంత్రం వేసే ఆయనున్నాడు. పెద్ద చెయ్యి. తాడు కట్టాడంటే చాలు, ఇంతటి గాలీ దిగుతుంది. నువ్వు ఈయన తాలూకేనా అబ్బాయ్?”

నేను తలూపాను. అది అవుననో కాదనో నాకే తెలియదు.

రైలు వేమూరులో ఆగింది. నలుగురు పట్టుకుని లేపారు. వాడి తల నావైపు వాలింది. కంటి చివర నీళ్ళు కారుతున్నాయి. నోరు నవ్వుతోంది, కళ్ళు ఏడుస్తున్నాయి. ఏడో రోజున పిల్లాడి కళ్ళు కూడా ఇలాగే ఉన్నాయి. పిల్లాడికి అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. “దించకండి.”

“అదేంటయ్యా, మనిషి పోతుంటే!”

“ఇది గాలి కాదు, మూర్ఛ కాదు. ధనుర్వాతం. మంత్రగాడి దగ్గరికి తీసుకెళితే సాయంత్రానికి పోతాడు. తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.”

“నీకెట్టా తెలుసు?”

“నా కొడుకు దీంతోనే పోయాడు.”

కొండయ్య చేతులు వదిలేశాడు. వాణ్ణి బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాను. గుప్పెట్లో తాళాలు తీసేశాను. కిటికీ తలుపులు దింపాను. భుజం మీది తువ్వాలు తీసి వాడి కళ్ళ మీద వేశాను. వేశాక గుర్తొచ్చింది, మా పద్ధతి ప్రకారం తువ్వాలు పడ్డాక ఇంకెవరూ నోరెత్తకూడదు. “మాట్లాడకండి. దగ్గకండి కూడా” అన్నాను. జీవితమంతా అరుస్తూ సరుకమ్మిన గొంతుతో గుసగుసలాడాను. పెట్టె మొత్తం ఊపిరి బిగబట్టింది. చినరావూరు స్టేషన్లో ఎక్కబోయిన వేరుశెనగల అతన్ని కొండయ్యే చేత్తో ఆపి దింపేశాడు.

తెనాలి స్టేషన్లో అత్త బుట్టలు దింపించుకుంటూ, “ఏమయ్యా పోలయ్యా, ముత్యం ఏడీ?” అని గట్టిగా అరిచింది. నేను పరిగెత్తి ఆమె నోటిమీద చెయ్యి పెట్టాను. పెద్దల్లుడు అత్త నోరు మూయడం అదే మొదటిసారి, ఆఖరిసారి.

ఆసుపత్రిలో డాక్టరు పూర్ణచంద్రరావుగారు ఒక్క చూపుతో గుర్తుపట్టాడు. విషానికి విరుగుడు మందు రాసిచ్చి, దాని కోసం నన్ను నాలుగు మందుల షాపులు తిప్పాడు. నిద్రమందుతో వాణ్ణి సడలించి, మూసుకుపోయిన గాయాన్ని మళ్ళీ తెరిచాడు. లోపల గోరంత కుళ్ళిన చెక్కముక్క, నల్లటి పేడ కనిపించాయి.

“ఉప్పు రుద్దామండి” అంది అత్త.

“ఉప్పు పైపైనే అమ్మా. ఇది లోపల ఇల్లు కట్టుకుంది.”

వాడికి కిటికీలకి దుప్పట్లు కట్టిన విడి గది ఇచ్చారు. ముక్కులోంచి గొట్టంతో పాలు పోశారు. ఇరవై మూడు రోజులు. కనకదుర్గ పిల్లల్ని మా ఇంట్లో వదిలి ఆసుపత్రి మెట్ల మీదే ఉండిపోయింది. గది తలుపు దగ్గర కాపలా నేను. బకెట్టు చప్పుడు చేసిన ఆయాకి దణ్ణం పెట్టాను, పాట పాడుకుంటూ వచ్చిన కుర్ర డాక్టర్ని ఆపాను. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా అసూయే. మార్కెట్టు వరసలో సగంమంది వాడి కోసం వచ్చి గుమ్మం బయట నిలబడి వెళ్ళేవాళ్ళు. అత్త వాడి కోసం మొక్కని దేవుడు లేడు. నేను పడుకుంటే ఇంతమంది వస్తారా అని లెక్కేసుకునేవాణ్ణి. వచ్చినవాళ్ళని వేళ్ళతో లెక్కపెట్టాను కూడా.

ఇరవై నాలుగో రోజున వాడు నోరు తెరిచి చెంచాతో గంజి తాగాడు.

నెలన్నర తర్వాత అత్త వరసలో అందరినీ పిలిచింది. వాడు కర్ర పట్టుకుని వచ్చాడు, ఒక్కసారిగా నలభై ఏళ్ళు మీదపడ్డవాడిలా ఉన్నాడు. “ప్రాణం నిలబెట్టినవాడిదే అరుగు. పోలయ్యా, కూర్చో నాయనా” అంది అత్త. నన్ను నాయనా అనడం అదే మొదలు. నేను ఏడేళ్ళు కోరుకున్న అరుగు. కూర్చున్నాను. చల్లగా ఉంది. ముత్యాలరావు నావైపు చూశాడు. నవ్వలేదు.

వాణ్ణి సుగుణమ్మగారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అంత జబ్బు పడిలేచినా అది మళ్ళీ రాకుండా కాపాడదట. సూదులు వాడికీ తప్పవని డాక్టరుగారు చెప్పి పంపారు. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం.

“ఎన్నో నెల తమ్ముడూ?” అన్నాను.

వాడు కొంచెం నవ్వాడు. దవడ ఇంకా పూర్తిగా సాగడం లేదు. సూదికని చొక్కా చెయ్యి మడుస్తూ అన్నాడు, “అన్నయ్యా, ఆ జబ్బులో ఒళ్ళు మన మాట వినదు గానీ బుర్ర పనిచేస్తూనే ఉంటుంది. అన్నీ వినపడతాయి, అన్నీ కనపడతాయి.”

నేను గోడమీది కేలెండరు చూశాను.

“భట్టిప్రోలులోనే నీ మొహం మారింది. అప్పుడే తెలిసింది నీకు. నేను చూశాను.”

“చూశావు.”

“వేమూరు దాకా లేవలేదు.”

“లేవలేదు.”

“అత్తకి చెప్పలేదు నేను. ఎవరికీ చెప్పలేదు. నీ చోట నేనుంటే తెనాలి దాకా కూర్చునేవాణ్ణేమో, తెలియదు. పెద్దల్లుడివని ఆ వరసలో నిన్ను అందరూ కూర్చోమనేవాళ్ళు, నేను నవ్వితే గానీ నన్ను ఎవరూ చూసేవాళ్ళు కాదు. నాకూ మండేది.”

సుగుణమ్మగారు వచ్చి వాడి చేతికి సూది వేసింది, ఆ తర్వాత నాకు, కాపలాలో పడి ఆలస్యమైన రెండోది వేసింది. బయటికొచ్చాక నేను అన్నది ఒక్కటే మాట. “రేపు నీ తక్కెడ తెచ్చుకో.”

ఇప్పుడు 1994. నా లెక్క ఇది. అరుగులో సగం మిగిలింది, గేటు వైపు సగం వాడిది. ఆ సగం నేనే ఇచ్చాను, ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. వరసలో కాలికి మేకు దిగినవాడెవడైనా ముందు మా దగ్గరికి కుంటుకుంటూ వస్తాడు, ఉప్పు రుద్దుకుంటే ముత్యాలరావు తిడతాడు, ఆసుపత్రికి నేను తీసుకెళతాను. కనకదుర్గ ఆఖరి పిల్లాడు బడి లేనప్పుడు మా ఇంట్లోనే ఉంటాడు. రత్తాలు వాడికి రొయ్యలు ఒలిచి పెడుతుంది. ముందుముందుకి వేసే సూదులు నావి మూడు, ముత్యాలరావువి మూడు, ఈ ఒక్క లెక్కలోనే మేం సమానం. రైలు భట్టిప్రోలులో కూత వేసినప్పుడు ఇద్దరం కిటికీవైపు తిరుగుతాం, వేమూరు దాటేదాకా మాట్లాడుకోం.

ఇవాళ పొద్దున కూడా వాడి నెత్తళ్ళు నాకంటే ముందే అయిపోయాయి. ఖాళీ బుట్ట బోర్లించి, నావైపు తిరిగి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. కడుపు మండింది. వాడి నోరు పూర్తిగా తెరుచుకుని మళ్ళీ మూసుకునేదాకా చూసి, ఆ తర్వాత నా సరుకు వైపు తిరిగాను.